అదృష్టపు మెల్ల

జూన్ 11

ప్రియమైన మావకి,

నీ షాలిని రాసేది. ప్రభువు దయవల్ల నేను, పాప, అత్త బాగున్నాం. అక్కడ నువ్వూ, గంగులన్నా, సోములన్నా, తిరుమలరావు, వాళ్ళ తమ్ముడూ బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మొన్న ఆదివారం అందింది. అందింది అంటే నా చేతికి కాదు. ఇక్కడ ఒక కొత్త పద్ధతి పెట్టుకున్నారు. సముద్రంలో సరిహద్దు దాటారని మీ బోటులో పట్టుబడిన అయిదుగురిలో ఎవరి ఉత్తరం వచ్చినా ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి అరుగు మీద పాస్టరు జ్ఞానానందం గారు పైకి చదవాలి. ఆ పరాయి దేశం జైలు నుంచి ఉత్తరం రావడమే రెండు మూడు నెలలకోసారి, ఫోను ఎలాగూ ఇవ్వరు, ఒకరి ఉత్తరంలో అయిదుగురి కబురూ ఉంటుంది కాబట్టి అయిదిళ్ళ వాళ్ళూ వినాలన్నారు. చర్చికి రాని వాళ్ళు కూడా ఆ వేళకి వచ్చి కూర్చుంటున్నారు. నువ్వు నా జడ గుర్తొస్తోందని రాసిన ముక్క దగ్గర పాస్టరు గారు ఒకసారి దగ్గి మరీ చదివారు. గంగులన్న పెళ్ళాం నీలవేణి అప్పట్నుంచి ఎదురుపడినప్పుడల్లా నా జడ పట్టుకుని లాగుతోంది. ఇకమీదట అలాంటివి రాసేముందు ఆలోచించుకో. రాయడం మాత్రం మానకు.

ఇప్పుడు అసలు సంగతి. అంగన్‌వాడీలో పిల్లల కళ్ళు చూడ్డానికి ఒక నర్సు వచ్చింది. బొమ్మల అట్ట ఒకటి గోడకి తగిలించి, మన పాప గ్లోరీ ఎడం కన్ను మూసి అడిగింది. ఇల్లు, గొడుగు, చేప, అన్నీ టకటకా చెప్పేసింది. తర్వాత కుడి కన్ను మూసింది. పాప "అమ్మా, కరెంటు పోయింది" అంది. పిల్లలందరూ నవ్వారు. నేను పాపని ఎత్తుకుని వచ్చేశాను మావా.

మర్నాడే శ్రీకాకుళం కంటాసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడ డాక్టరమ్మ నా వయసే ఉంటుంది. పాప పుట్టినప్పట్నుంచి అన్నీ అడిగింది. ఎప్పుడు మొహం చూసి నవ్వింది, ఎప్పుడు దీపం వెంట కళ్ళు తిప్పింది, ఎప్పుడు చెయ్యి చాపి వస్తువు అందుకుంది అని. నువ్వు ఆ ఏడాది గుజరాత్ వేటకి వెళ్ళడం ఆలస్యం చేశావు కదా, రెండో నెలలో అది నన్ను వదిలేసి నీ నలుపు తెలుపు గీతల చొక్కానే గుడ్లప్పగించి చూసేది, గుర్తుందా. తండ్రి మీద ప్రేమ అని నువ్వు తెగ మురిసిపోయావు. ప్రేమ కాదట. ఆ వయసులో పిల్లలకి అలాంటి గీతలే బాగా తెలుస్తాయట. పుట్టినప్పుడు మూరెడు దూరం కూడా కనపడదట, పాలిచ్చేటప్పుడు తల్లి మొహం దాకానే. అక్కడి నుంచి నెలనెలా కొంచెం కొంచెంగా చూడ్డం నేర్చుకుంటారట. నడక నేర్చుకున్నట్టే చూపు కూడా నేర్చుకోవాలని నాకు ఇన్నాళ్ళూ తెలీదు.

దాని ఎడం కన్ను మెల్ల అని మనం అదృష్టం అనుకున్నాం కదా. రెండు కళ్ళూ ఒకే వైపు చూడకపోతే మెదడుకి రెండు బొమ్మలు వస్తాయట. ఏది నిజమో తెలీక, మెల్లకన్ను పంపే బొమ్మని అది పక్కన పడేస్తుందట. అలా పడేసీ పడేసీ ఆ కన్నుతో చూడ్డమే మానేస్తుందట. కన్ను బాగానే ఉంది, దానికి చూడ్డం రాదు, అంతే. ఇది మందు చుక్కలతో పోదు. కళ్ళజోడు పెట్టి, బాగా కనపడే కుడి కన్నుకి రోజూ ఆరు గంటలు పట్టీ కట్టాలి. అప్పుడు గత్యంతరం లేక ఎడం కన్ను నేర్చుకుంటుంది. చిన్నప్పుడైతేనే వస్తుంది. ఏడో ఎనిమిదో ఏడు దాటితే రావడం చాలా కష్టం అంది. పాపకి నాలుగు నిండాయి.

నిన్నట్నుంచి కడుతున్నాను. గుమ్మాలకి గుద్దుకుంటోంది. పట్టీ పీకేసి ఏడుస్తోంది. అత్త నాతో మాట్లాడ్డం లేదు. నువ్వు ఒక మాట ధైర్యం చెప్పి రాస్తే ఆమె ఒప్పుకుంటుంది.

విడుదల జాబితా అని అధికారులు అంటూనే ఉన్నారు. ఎదురుచూస్తూ,

నీ షాలిని


ఆగస్టు 20

ప్రియమైన షాలినికి,

నీ ఎలీషా రాసేది. అందరం ప్రాణాలతో ఉన్నాం. తిరుమలరావు తమ్ముడికి జ్వరం వచ్చి తగ్గింది.

నీ ఉత్తరం అయిదుగురం కలిసి విన్నాం. ఇక్కడ చదివేది నేనే. అక్కడ పాస్టరు గారు, ఇక్కడ నేను. గంగులన్న తన ఇంటికి తిరుమలరావు చేత రాయించుకుంటాడు కాబట్టి నువ్వు ఏది రాసినా మళ్ళీ నీలవేణి దాకా వస్తుంది, చూసి రాయి.

మాకు ఇప్పుడు పూసల పని ఇచ్చారు. గాజు పూసలు దారానికి గుచ్చి సంచులు, గొలుసులు చెయ్యాలి. వల అల్లిన చేతులు కదా, అందరికీ బాగానే వచ్చేసింది. నేనొక్కణ్ణే వెనకబడ్డాను. సూదిలో దారం ఎక్కించడానికే నాకు పూట పడుతుంది. దారం ఎప్పుడూ సూది పక్క నుంచి పోతుంది. గంగులన్న లాక్కుని ఎక్కించి ఇస్తాడు. పెళ్ళాం జడ తలుచుకుంటే చెయ్యి వణుకుతోందని అందరికీ చెబుతాడు.

పాప సంగతి. చదువుతూ మధ్యలో ఆపేశాను. సోములన్న మిగతాది చదవమని అడిగితే గాని మళ్ళీ చదవలేదు. షాలినీ, నేనున్న గదికి ఒక కిటికీ ఉంది. దానికి ఎదురుగా గోడ. ఆ గోడ తప్ప దూరంగా చూడ్డానికి ఏమీ లేదు. సముద్రం మీద పొద్దున లేచి ఎక్కడ నీటి రంగు మారిందో చూసి వల వేసేవాణ్ణి. ఇప్పుడు నా చూపు ఆ గోడ దాకా వెళ్ళి ఆగిపోతోంది. కొన్నాళ్ళకి కళ్ళు మూసుకున్నా అదే గోడ కనపడుతోంది. వెలుగుండి చూడలేకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నా పిల్లకి అది పెట్టొద్దు.

కనపడే కన్ను మూసి కనపడని కన్నుతో తిరగమనడం ఏం వైద్యం? కనపడని దానికి మందు వెయ్యాలి గాని. ఇంకో డాక్టరుకి చూపించు. మెల్ల నాకూ ఉండేదట చిన్నప్పుడు. అమ్మ ఏ కట్టూ కట్టలేదు, పెద్దయ్యాక దానంతటదే పోయింది. పాప పుట్టిన ఏడాది మనకి వేట ఎలా పడిందో నీకు తెలుసు. అందరూ దాని కన్నుదే అదృష్టం అన్నారు. ఇక్కడ కటకటాల్లో ఉన్నది నేను చాలు. నేను వచ్చేదాకా పాప కన్ను కట్టొద్దు. నా మాట ఇది.

అమ్మకి నా వందనాలు. ఆమె మాట విను.

నీ ఎలీషా


అక్టోబరు 29

ప్రియమైన మావకి,

నీ ఉత్తరం రెండు వారాల కిందట ఆదివారం విన్నాను. అవును, విన్నాను. నా మొగుడు నాకు రాసిన ఉత్తరం నేను చదివేసరికి అయిదిళ్ళ వాళ్ళూ విని, మాట్లాడుకుని, ఒక నిర్ణయానికి వచ్చేశారు.

పాస్టరు గారు 'పాప కన్ను కట్టొద్దు' దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు చిన్నదైంది. అత్త మాత్రం లేచి నిలబడింది. పాప నా ఒళ్ళో ఉంది, కుడి కన్నుకి పట్టీతో. అత్త అందరి ముందూ వచ్చి ఆ పట్టీ పీకేసి అరుగు కిందకి విసిరింది. "ఆడే వొద్దన్నాడు. ఇంక నువ్వెవులివి కట్టడానికి?" అంది. ఆ పట్టీ తియ్యడానికి ఎవరూ వంగలేదు. నీలవేణి కూడా తల దించుకుంది. తర్వాత ఇంటికొచ్చి, జైల్లో ఉన్న మనిషి మాట కాదంటే నీకు అక్కడ ఏమైనా అవుతుందని భయం అంది. నాకూ ఆ భయం ఉంది మావా. లేదని ఎలా అంటాను.

నీ మాట ప్రకారం మన ఇంట్లో పట్టీ కట్టడం మానేశాను. కట్టాలన్నా కుదరదు. పాప వీధిలోకి వస్తే చాలు, ప్రతి అరుగు మీంచీ ఎవరో ఒకరు దాని మొహం పట్టుకుని చూస్తున్నారు. జోడు ఎందుకని అడుగుతున్నారు. అత్త పగలంతా దాన్ని కొంగుకి కట్టుకుని తిరుగుతోంది. ఆమదాలవలసలో పిన్ని ఇంటికి వెళ్ళిపోదామని సంచి సర్దాను కూడా. గుమ్మం దాటలేకపోయాను. మొగుడు జైల్లో ఉంటే కోడలు ఊరొదిలి పోయిందంటారు. విడుదల జాబితా వస్తే అధికారులు ఇక్కడికే వస్తారు, పెళ్ళాం ఎక్కడ అని అడుగుతారు. అత్తకి మోకాళ్ళు లేవవు, నీళ్ళు ఎవరు తెస్తారు. సంచి విప్పి బట్టలు మళ్ళీ దండెం మీద వేశాను. నీకు అక్కడ గోడ ఉంది. నాకు ఇక్కడ వీధి ఉంది. నీ గోడకి నోరు లేదు, అదొక్కటే తేడా.

నువ్వు రాసిన దాంట్లో ఒక ముక్క నన్ను నిద్ర పోనివ్వడం లేదు. చిన్నప్పుడు నీకూ మెల్ల ఉండేదన్నావు. డాక్టరమ్మ మొదటి రోజే అడిగింది, తండ్రి వైపు ఎవరికైనా ఉందా అని. లేదన్నాను. నాకు తెలీదు కదా. పోయిన వారం మళ్ళీ వెళ్ళి చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టి, మెల్ల కనపడకుండా పోయినంత మాత్రాన చూపు వచ్చినట్టు కాదమ్మా అంది. నువ్వు బాగా అలిసిపోయి ఇంటికొచ్చిన రోజుల్లో నీ ఎడం కన్ను కొంచెం బయటి వైపుకి పోయేది. నిద్ర కన్ను అని ఎగతాళి చేసేదాన్ని.

ఒక పని చెయ్యి. ఇప్పుడే, ఈ ఉత్తరం చేతిలో ఉండగానే. కుడి కన్ను అరచేత్తో గట్టిగా మూసుకో, వేళ్ళ సందుల్లోంచి చూడొద్దు. ఎడం కన్నుతో ఈ వరస చదువు. చదవగలిగితే నీ మాటే నా మాట, పాప కన్ను జోలికి వెళ్ళను. చదవలేకపోతే నిజం రాయి.

మన ఇల్లు గడవడానికి పాస్టరమ్మ గారింట్లో వంట పనికి కుదిరాను. పొద్దున్నే పాపని వెంటబెట్టుకు వెళ్తాను. వంటయ్యేదాకా అది ఒక మూల కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతుంది.

నీ షాలిని


జనవరి 22

ప్రియమైన మావకి,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. క్రిస్మస్ ముందు తిరుమలరావు ఉత్తరం ఒకటి వచ్చింది గాని, అది నా ఉత్తరం మీకు అందక ముందు రాసినది. అందరూ ఉన్నారని, చలి ఎక్కువగా ఉందని ఉంది. నీ పేరు ఒక్కసారి వచ్చింది. ఆ ఒక్క మాట కోసం పాస్టరు గారిని మళ్ళీ చదవమన్నాను.

నా ఉత్తరం నీకు చేరలేదో, చేరినా అక్కడి వాళ్ళు ఆపేశారో, చదివి నువ్వే ఊరుకున్నావో నాకు తెలీదు. మూడింటిలో ఏది నిజమైనా నేను చెయ్యగలిగింది ఒకటే, మళ్ళీ రాయడం.

డాక్టరమ్మ దగ్గరికి పాపని తీసుకెళ్ళాను. రోజుకి ఎన్ని గంటలు కడుతున్నారని అడిగింది. నేల చూశాను. ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఆరు గంటలు కట్టాల్సిన చోట తక్కువ కడితే తక్కువే వస్తుందని, ఈ వయసు మళ్ళీ రాదని చెప్పి పంపించింది. ఆటోలో వస్తుంటే పాప నా ఒళ్ళో నిద్రపోయింది. దారిపొడుగునా లెక్కలు వేసుకున్నాను. నీకు ఉత్తరం వెళ్ళడానికి రెండు నెలలు, నీ జవాబు రావడానికి రెండు నెలలు. ఇద్దరం నాలుగు మాటలు మాట్లాడుకునేసరికి ఏడాది పోతుంది. పాప కంటికి ఉన్నవి ఎన్ని ఏళ్ళని.

పాప ఈ మధ్య మాట తగ్గించింది. నానమ్మ ఏం అడిగినా ముందు నా మొహం చూసి, అప్పుడు జవాబు చెబుతోంది. నాలుగేళ్ళ పిల్ల అలా చూడకూడదు.

నేను నీ మీద కోపంగా ఉన్నానని ఇందులో రాయకూడదనుకున్నాను. అక్కడ అందరూ వింటారు కదా. విననీ. కోపంగా ఉన్నాను. నువ్వు బాగుండాలని రోజూ మోకరిస్తున్నాను కూడా. రెండూ నిజమే.

నీ దగ్గర్నుంచి నాకు కావలసింది ఒక్క మాట. కట్టు అని.

షాలిని


డిసెంబరు 30 (అందింది మార్చి ఆఖరి ఆదివారం)

ప్రియమైన షాలినికి, మా అమ్మకి, ఇది వింటున్న అందరికీ,

ఎలీషా రాసేది. పాస్టరు గారూ, ఈసారి దగ్గకుండా చదవండి. అమ్మని ముందు కూర్చోబెట్టండి.

షాలిని అక్టోబరులో రాసిన ఉత్తరం మాకు మొన్ననే ఇచ్చారు. ఎప్పటిలాగే పైకి చదువుతున్నాను. 'కుడి కన్ను మూసుకుని ఈ వరస చదువు' అన్న చోటికి వచ్చాను. గంగులన్న నవ్వాడు, చదువు మరి, నీ పెళ్ళాం పరీక్ష పెట్టింది అన్నాడు. నేనూ నవ్వుతూనే అరచెయ్యి కుడి కంటి మీద పెట్టుకున్నాను.

కాగితం కనపడింది. వరసలు ఉన్నట్టు కనపడింది. అక్షరాలు లేవు. దగ్గరికి తెచ్చాను, దూరం పెట్టాను. మబ్బుగా ఉందేమోనని కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఎండ పడుతోంది. చెయ్యి తీస్తే అక్షరాలు వచ్చాయి. పెడితే పోయాయి. ఇది ఎన్నిసార్లు చేశానో తెలీదు. సోములన్న వచ్చి నా చెయ్యి పట్టుకుని దించాడు. మిగతా ఉత్తరం తిరుమలరావు చదివాడు.

షాలినీ, నాకు ముప్పై మూడేళ్ళు. ఇన్నేళ్ళూ ఒక్క కన్నుతో బతికాను. నాకే తెలీదు. అందరూ చూసేది ఇంతే అనుకున్నాను. సూదిలో దారం ఎందుకు పట్టదో ఇప్పుడు తెలిసింది.

ఇక్కడ వారానికోసారి వచ్చే డాక్టరుని అడిగాను. పట్టీ కడితే నాకూ వస్తుందా అని. ఆయన నా కంట్లో లైటు వేసి చూసి, నీకు వయసు దాటిపోయింది అన్నాడు. ఎప్పుడు దాటిందని అడిగాను. నీ చిన్నప్పుడే అన్నాడు.

అయినా ఒక పూట నా కుడి కన్నుకి తువ్వాలు కట్టుకున్నాను. పాపకి ఎలా ఉంటుందో తెలుసుకుందామని. పప్పు నేలపాలు చేశాను. సోములన్న కాళ్ళ మీద పడ్డాను. మొహాలు తెలుస్తున్నాయి గాని ఎవరు ఎవరో గొంతు వింటే గాని తెలీలేదు. సాయంత్రం దాకా ఉందామనుకుని మధ్యాహ్నానికే విప్పేశాను. ఇంత పెద్దవాణ్ణి నేనే ఉండలేకపోయాను. అది ఎంత ఏడుస్తుందో ఇప్పుడు నాకు బాగా తెలుసు. తెలిసే చెబుతున్నాను. కట్టు. అది ఏడ్చినా కట్టు.

అమ్మా, నీకే చెబుతున్నాను. నా విషయంలో నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు. అప్పుడు మనకి చెప్పేవాళ్ళు లేరు. ఇప్పుడు ఉన్నారు. నా కన్ను పోయింది పోయింది. నా కూతురిది పోనివ్వకు. షాలిని పట్టీ కడుతుంటే దాని చేతులు నువ్వు పట్టుకో. గంగులన్న కూడా ఇదే చెప్పమన్నాడు, నీలవేణక్క కూడా ఆ పిల్ల వెంట ఉండాలట.

నేను ముందు రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఎలీషా


ఏప్రిల్ 7

ప్రియమైన మావకి,

నీ డిసెంబరు ఉత్తరం మార్చి ఆఖరి ఆదివారం వచ్చింది. నేను జనవరిలో రాసింది నీకు ఈపాటికి అంది ఉంటుంది, అందులోని కోపం చూసి బెంగ పెట్టుకోకు. ఇక్కడ జరిగినవి వరసగా చెబుతాను.

పాస్టరు గారు దగ్గకుండా చదివారు. 'నీ చిన్నప్పుడే అన్నాడు' అనే దగ్గర అందరూ అత్త వైపు తిరిగారు. అత్త ఏడవలేదు. చదవడం అయ్యాక లేచి, నా చెయ్యి పట్టుకోకుండానే ఒక్కతీ ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున నేను నీళ్ళు తోడుతుంటే వెనక నిలబడి అంది. "గలాసులో నీలు పొయ్యరా అంటే పక్కన పోసీవోడు. ఒళ్ళు కొవ్వెక్కిందని కొట్టీదాన్ని. రోజూ కొట్టీదాన్నే." నీళ్ళు బిందెలో పోసి, ఆమెని అరుగు మీద కూర్చోబెట్టి, నేను కూడా పక్కన కూర్చున్నాను. నువ్వు ఆమె తప్పు లేదని రాయడం మంచి పని అయింది. ఆ మాట నాతో మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంటోంది.

ఇప్పుడు పాపకి పొద్దున్న పట్టీ కట్టేది అత్తే. నాకంటే కఠినంగా ఉంది. ఆరు గంటలు కాకుండా విప్పనివ్వడం లేదు. పాప గునిస్తే చింతగింజలు లెక్కపెట్టిస్తోంది. నీలవేణి సాయంత్రం వచ్చి దానితో రంగులు వేయిస్తోంది. వీధిలో వాళ్ళు ఇప్పుడు పట్టీ ఎందుకు విప్పావని అడుగుతున్నారు. ఆరు నెలల కిందట ఎందుకు కట్టావని అడిగిన వాళ్ళే. నవ్వాలో తిట్టాలో తెలీడం లేదు.

నిన్న డాక్టరమ్మ చూసింది. కుడి కన్ను మూసి అట్ట ముందు నిలబెట్టింది. మొదట్లో పై వరసలో పెద్ద బొమ్మ కూడా చెప్పలేకపోయిన పిల్ల, ఇప్పుడు సగం అట్ట దాకా చదివింది. ఇంకా రావాల్సింది ఉంది, రెండేళ్ళు విడవకుండా కట్టాలి, వస్తుంది అంది. మెల్ల సరిచేసే ఆపరేషన్ తర్వాత చూద్దామంది. ఆమె ఒక మాట అడిగింది. ఇంట్లో మళ్ళీ వారం నుంచే కడుతున్నామంటున్నారు, వారంలో ఇంత రాదు, నిజం చెప్పమ్మా అని.

ఆమెకి చెప్పిన నిజం నీకూ చెప్పాలి.

నువ్వు వద్దన్న ఉత్తరం చదివిన ఆదివారం అత్త పట్టీ విసిరేసింది కదా. ఆ మర్నాడే నేను పాస్టరమ్మ గారింట్లో పనికి కుదిరాను. వంట కోసం కాదు. వాళ్ళ వంటింటికి వెనక తలుపు ఉంది, అది వీధిలోకి కనపడదు. రోజూ పొద్దున రెండు గంటలు అక్కడ పాపకి పట్టీ కట్టాను. అంటించే పట్టీ అయితే మచ్చ పడుతుందని నల్ల గుడ్డతో కుట్టి జోడు కింద కట్టేదాన్ని. అది బియ్యంలో రాళ్ళు ఏరింది ఎడం కన్నుతోనే. మొదట్లో బియ్యం పారేసి రాళ్ళు ఉంచేది. ఆ అన్నం పాస్టరు గారు తిన్నారు. ఒక రోజు ముందుగా ఇంటికొచ్చి పాపని చూశారు, అరుగు మీద నీ మాట చదివింది ఆయనే. చూసి, తన కంచం తనే కడుక్కుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఎప్పుడూ ముందుగా రాలేదు.

నానమ్మకి చెప్పకూడదని పాపకి నేర్పింది నేనే. అది ఏం చెప్పాలన్నా ముందు నా మొహం చూడ్డం అందుకే. దాని కన్ను కోసం దానికి అబద్ధం నేర్పాను. అది నన్ను బాధపెడుతుంది, ఇంకా చాలా రోజులు పెడుతుంది. నీకు రాయలేకపోయాను. నువ్వు పైకి చదువుతావు, గంగులన్న వింటాడు, తిరుమలరావు రాస్తాడు, రెండు నెలల్లో అది ఈ అరుగు మీదకి వచ్చేస్తుంది. రెండు గంటలు కూడా పోతాయి. అందుకే నిన్ను ఆ ఒక్క మాట అడుగుతూ వచ్చాను. రెండు గంటలు ఆరు కావడానికి.

ఇప్పుడు ఆరయ్యాయి. నీకు కృతజ్ఞతలు చెప్పాలి, చెబుతున్నాను. నీ కన్ను సంగతి విని నేను ఎంత ఏడ్చానో కాగితం మీద రాయను. ఇంటికి రా, సూదిలో దారం నేను ఎక్కిస్తాను, గంగులన్న అక్కర్లేదు.

కాని మావా, ఒకటి అడగకుండా ఈ ఉత్తరం ముగించలేను. డాక్టరమ్మ చెప్పింది నేను రాశాను. పాప కరెంటు పోయిందందని రాశాను. కన్న తల్లిని, రోజూ దాని పక్కన ఉన్నదాన్ని, నేను చెప్పింది నీకు చాలలేదు. ఎక్కడో గదిలో నీ అరచెయ్యి నీ కంటికి అడ్డం పెట్టుకుంటే గాని నా మాట నిజం కాలేదు. ఆ కన్ను నీకు బాగా కనపడి ఉంటే నా బిడ్డ గతి ఏమిటి? రాత్రంతా అదే ఆలోచిస్తున్నాను.

నీ దగ్గర్నుంచి మళ్ళీ 'వద్దు' అనే వచ్చినా నేను కట్టేదాన్నే. నీ అమ్మ తలుపుకి అడ్డం పడుకున్నా కట్టేదాన్నే. నువ్వు ఇంటికొచ్చి ఎదురుగా నిలబడినా కడతాను. చాటుగా కట్టి కట్టి అలిసిపోయాను. ఇంక చాటు లేదు. ఈ ఉత్తరం నువ్వొక్కడివే చదివి మడిచి పెట్టుకోవద్దు. గంగులన్నని, సోములన్నని, ఆ అన్నదమ్ముల్ని పిలిచి కూర్చోబెట్టి, ఒక్క ముక్క వదలకుండా పైకి చదువు.

నీ షాలిని